ఖాళీ కుర్చీకి కళ ఎక్కువ

రిటైరైన ప్రతి మగాడికీ పింఛనుతో పాటు ఒక కెమెరా, ఒక థీమ్ కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. ఇది నా డిమాండ్!

కెమెరా ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదండోయ్. ఉత్త కెమెరా ఉన్నవాడు పువ్వు కనిపిస్తే పువ్వు తీస్తాడు, మనవరాలు కనిపిస్తే మనవరాలిని తీస్తాడు, నూడుల్స్ గిన్నె ముందుకొస్తే దాన్నీ తీసి, తినేసి, ఇంటికెళ్ళి పడుకుంటాడు. అలాంటివాడి వల్ల లోకానికి ఒరిగేదేముంది?

థీమ్ ఉన్నవాడు అలా కాదు. ఏళ్ళ తరబడి ఒకే వస్తువు వెంట పడతాడు. ఆ వస్తువును వదలడు. ఆ వస్తువు పక్కన నిలబడ్డ పాపానికి మనల్నీ వదలడు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. బడికి వెళ్ళింది మూడేళ్ళే, ఆ తర్వాతంతా కొండ మీద బొగ్గు కాల్చే పని. బట్టీతో మాటలేముంటాయి? అయినా ఈ విషయంలో మాత్రం నోరు కట్టుకుని ఉండలేక రాస్తున్నాను.

మా నాగిహారా ఊరి ఫోటో క్లబ్బు గురించి మీరు వినే ఉంటారు. నెలకోసారి కమ్యూనిటీ హాల్లో కలుస్తారు. చెప్పులు విప్పి వరసగా పెట్టి, టీ తాగి, ఒకరి ఫోటోలు ఒకరు చూసి "హూఁ..." అంటారు. ఆ "హూఁ" బాగుందనా, బాగాలేదనా అన్నది ఇంటికెళ్ళాక ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి.

ఆ క్లబ్బులో కెమెరా లేకపోయినా చేరనిస్తారేమో గానీ థీమ్ లేకపోతే గుమ్మం తొక్కనివ్వరు. "ఇదీ నా థీమ్" అని ఒకసారి లేచి చెప్పాక అది ఇక ఆ మనిషి సొత్తు. ఇంకొకరు దాని జోలికి పోకూడదు. పొరపాటున పోయారో, తీపి పెట్టె ఒకటి కొని వాళ్ళింటికెళ్ళి గుమ్మంలో తల వంచాలి. పొలం గట్టు జరిపినవాళ్ళు కూడా మా ఊళ్ళో అంత వంగరు!

ఎంత గొప్ప థీములో చూడండి.

ఒబినాతా గారిది ఒంటి గ్లవ్. దారిలో ఎవరైనా ఒక గ్లవ్ జారవిడిస్తే, దొరికినవాళ్ళు కంచె కర్రకు తొడిగి పోతారు కదా, అవన్నమాట. ఆయన ఫోటో తీసేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. మంచు పడ్డాక తీస్తే ఇంకా బాగుంటుంది. మంచు కరిగేటప్పుడు తీస్తే ఇంకా ఇంకా బాగుంటుంది. కిందటి చలికాలమంతా వాళ్ళావిడ ఒక చెయ్యి కోటు జేబులోనే పెట్టుకుని తిరిగింది. తన గ్లవ్ ఏ కంచె మీద ఉందో ఆమెకు బాగా తెలుసు. ఎగ్జిబిషన్ అయ్యేదాకా ఆగమన్నారట. ఏం క్రమశిక్షణ! ఏం సంసారం!

హమురో గారిది చూరుకు ఎండగట్టిన పెర్సిమన్ పళ్ళ మీద ముడతలు. ముడత పూర్తిగా తిరిగేదాకా ఇంట్లో ఎవరూ పండు దింపకూడదని ఆంక్ష. చివరికి పక్షులు తినేశాయి. పక్షులు తింటుండగా తీసిన ఫోటోకు జిల్లా బహుమతి వచ్చింది. ఇంట్లోవాళ్ళకు ముచ్చికలు మిగిలాయి.

తకెగోషి గారిది కొండ మీది మేఘం. సొంత కూతురి పెళ్ళిలో గ్రూపు ఫోటో ఆయన్నే తీయమన్నారు. తీశారు. మేఘం అద్భుతంగా పడింది. పెళ్ళికొడుకు కుడి చెవి కూడా పడింది.

ఇలాంటివాళ్ళు లేకపోతే మన జీవితాలు ఎంత చప్పగా ఉండేవో ఆలోచించారా?

వీళ్ళందరికీ మకుటం లాంటి మనిషి నుకాగా గారు. రైతు సహకార సంఘంలో పనిచేసి దిగిపోయారు. శుభ్రమైన మనిషి, మెత్తటి మనిషి. వేసవిలో కూడా చొక్కా పై గుండీ పెట్టుకుంటారు. ఆయన థీమ్ బస్టాపు కుర్చీలు.

మా కొండదారి స్టాపుల్లో బెంచీలు లేవు. ఒక ఇనుప కడ్డీ, దాని నెత్తిన గుండ్రటి రేకు, అంతే. అందుకని ఎవరింట్లో పాత కుర్చీ ఉంటే వాళ్ళు తెచ్చి పెట్టారు. పాత బడి స్టాపులో పియానో ముందు వేసుకునే బల్ల ఉంది. వాగు స్టాపులో మంగలి షాపు మూసేసినప్పుడు బయటికొచ్చిన ఎర్ర రెక్సిన్ సోఫా ఉంది. మా స్టాపులో, మా పొరుగింటి తోమె అవ్వ వంటింటి స్టూలు ఆమె కంటే ముందే చేరి ఎదురుచూస్తుంటుంది. దానికి కాస్త ఎడంగా ఉన్నది మా ఆవిడ కుట్టుమిషను కుర్చీ.

మా ఆవిడ తత్సుఎ ఇప్పుడు కింద ఊళ్ళో, వృద్ధుల హోములో ఉంది. తుంటి ఎముక విరిగి, అతికింది గానీ కొండ ఎక్కేంతగా అతకలేదు. మంగళవారం, శుక్రవారం బస్సెక్కి వెళ్ళి చూసొస్తాను. ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. మా కాపురం మొదటినుంచీ అంతే. ఇప్పుడు మధ్యలోకి బస్సొచ్చి చేరింది, అంతకు మించి తేడా ఏమీ లేదు. బస్సు తప్ప నాకు వేరే దారి లేదు. కొండ దిగమంటే ఇప్పటికీ దిగుతాను. మళ్ళీ ఎక్కమంటేనే చిక్కు.

ఇంతకీ నుకాగా గారు ఏం చేస్తారంటే, పొద్దున బస్సులో కింద ఊరినుంచి పైకొస్తారు. ఏదో ఒక స్టాపులో దిగుతారు. అదే బస్సు పైదాకా పోయి తిరిగొచ్చేలోగా ఫోటో తీసుకోవాలి. ఆ సమయానికి కుర్చీలో ఎవరుంటారు? కిందికి వెళ్ళాల్సిన మేమే ఉంటాం!

ఆయన మా ఎదురుగా నిలబడి తల వంచుతారు. "కాస్త..." అంటారు.

అంతే. ఆ "కాస్త" తర్వాత ఏం లేదు. మా వైపు "కాస్త..." అని ఎవరైనా తల వంచితే, కాస్త ఏమిటి అని అడగడం మర్యాద కాదు. లేచిపోవడమే. నేను లేచి దేవదారు చెట్టు వెనక్కి వెళ్తాను. అక్కడ కూడా నీడ పడుతోందని ఆయన మళ్ళీ తల వంచితే, కాలవ దాటి అవతల నిలబడతాను.

"మీ సంచీ కూడా, కుబోకి గారూ."

సంచీ తీసుకుంటాను.

తోమె అవ్వ మాత్రం ఊరుకునే రకం కాదు. తొంభై దగ్గరపడ్డ మనిషి, ఆమె ముందు నుకాగా గారు కుర్రాడి లెక్క.

"ఏం అబ్బాయ్, నా మొహం అంత బాగాలేదా?" అంది ఒకరోజు.

"అయ్యో, మొహం బాగానే ఉందండి. మొహం ఉంటే ఒంటరితనం రాదు."

"నాకెందుకు రాదు? మా ఆయన పోయిన దగ్గర్నుంచీ రోజూ వస్తోంది."

"మీకు కాదండి. ఫోటోకు."

అవ్వ స్టూలు పట్టుకుని, మోకాలు పట్టుకుని, మళ్ళీ స్టూలు పట్టుకుని లేచింది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం మంచి వ్యాయామమని హోములో డాక్టరు అందరికీ చెబుతుంటాడు. ఆ వ్యాయామాన్ని నుకాగా గారు చలిలో, వానలో, మా స్టాపుకే వచ్చి చేయించేవారు. ఇంతకంటే సమాజసేవ ఏముంటుంది?

పట్నం నుంచి క్లబ్బుకు వచ్చే గురువుగారు ఆ ఫోటోలు చూసి, "బాగుంది, ఇంకా ఖాళీగా ఉండాలి," అన్నారట. దాంతో నుకాగా గారు మా గొడుగులు కూడా తీయించారు. ఆ మరుసటి ఏడు తోమె అవ్వ స్టూలు మీది మెత్త తీయించారు. మెత్తలో అవ్వ కూర్చున్న గుంట కనిపిస్తోందని!

అలా పదేళ్ళు దాటాక ఎగ్జిబిషన్ పెట్టారు. మా ఆవిడ కుర్చీ ఫోటో అన్నిటికంటే పెద్దది. గోడకు సగం. కింద పేరు: "ఎవరూ రాని చోటు."

నేను చాలాసేపు చూశాను. నిజంగానే బాగుంది. ఎవరూ రానట్టే ఉంది. కాలవ అవతల సంచీ పట్టుకుని నిలబడ్డ నాకే అది చూసి జాలేసింది.

ఆ ఎగ్జిబిషన్‌కు టౌన్ ఆఫీసు నుంచి ప్రణాళికా విభాగం మిజుషినా గారు వచ్చారు. చురుకైన ఆవిడ. ఫోటోల ముందు నిలబడి నిలబడి, నుకాగా గారి దగ్గర కార్డు తీసుకుని వెళ్ళారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఆ ఫోటోలు ఆఫీసు నివేదికలో వాడుకుంటామని ఫోను వచ్చింది. నుకాగా గారు ఫోను పట్టుకునే గోడకు తల వంచారట. ఒక హాబీ ఫోటోగ్రాఫరుకు ఇంతకు మించిన గౌరవం ఇంకేం ఉంటుంది?

నివేదిక దేని గురించని మాత్రం ఆయన అడగలేదు. అడగడం మర్యాద కాదు కదా!

చలికాలం మొదట్లో టౌన్ ఆఫీసువాళ్ళు కమ్యూనిటీ హాల్లో వివరణ సభ పెట్టారు. మేం కొండ మీదివాళ్ళం అందరం బస్సులో దిగాం. వరసగా కూర్చున్నాం. లైట్లు ఆర్పారు. తెర మీద మొదట పియానో బల్ల, తర్వాత ఎర్ర సోఫా, ఆ తర్వాత మా ఆవిడ కుర్చీ.

"చూశారుగా," అన్నారు మిజుషినా గారు, గొంతులో నిజమైన బాధతోనే. "ఎండాకాలం, వానాకాలం, మంచుకాలం. ఏళ్ళ తరబడి. ఎప్పుడు చూసినా ఇదే పరిస్థితి. ఎక్కేవాళ్ళు లేని బస్సును నడపడం ఇక సాధ్యం కాదు. ఏప్రిల్ నుంచి ఈ మార్గం రద్దు చేయాలని ప్రతిపాదిస్తున్నాం."

బస్సు డ్రైవరు రోజూ రాసి పంపే అంకెలు ఆఫీసులో ఉండనే ఉన్నాయి. మేం గంపెడు మందిమేం కాదు, గుప్పెడు మందిమి. కానీ గుప్పెడైనా ఉన్నాం కదా? ఏం చేస్తాం, అంకెలు చూస్తే నిద్రొస్తుంది, ఫోటో చూస్తే కన్నీళ్ళొస్తాయి. కన్నీళ్ళు వచ్చినవైపే ఆఫీసు మొగ్గుతుంది.

ఇంతలో చీకట్లోంచి తోమె అవ్వ గొంతు.

"ఆ మూల ఉల్లికాడల సంచీ నాది కాదూ?"

తెర మీద ఎడమ మూల, నిజమే, ఉల్లికాడల కొసలు రెండు పచ్చగా కనిపిస్తున్నాయి.

నుకాగా గారు గబుక్కున లేచారు. మొహం ఎర్రబడింది.

"క్షమించాలి! అది నా పొరపాటే. అవ్వగారు లేవడానికి చాలాసేపు పట్టింది, ఆ కంగారులో సంచీ సంగతి మర్చిపోయాను."

మిజుషినా గారు లైటు వేయించారు. "లేవడానికి... అంటే? అప్పుడు అక్కడ మనుషులున్నారా?"

"ఉన్నారండి."

"ఎంతమంది?"

"అది చెప్పలేను. నేను కుర్చీ వైపే చూస్తాను."

"మరి బస్సు?"

"వచ్చిందండి. అందరం ఎక్కాం."

"బస్సు ఒక్క ఫోటోలోనూ లేదే!"

"బస్సు నా థీమ్ కాదండి," అన్నారు నుకాగా గారు వినయంగా.

ఆ తర్వాత ఆయనకే ఏదో అర్థమైంది. మెల్లగా కూర్చున్నారు. చొక్కా పై గుండీ విప్పుకున్నారు.

"ఆ బస్సు పోతే నీ కుర్చీల దగ్గరికి నువ్వెలా వస్తావురా అబ్బాయ్?" అంది తోమె అవ్వ. "నడిచొస్తావా? అప్పుడు నేను లేవక్కర్లేదులే. నేనసలు ఉండను కదా!"

మిజుషినా గారు చెడ్డమనిషి కాదు. పెదవి కొరుక్కుంటూ నిలబడ్డారు. కానీ నివేదిక మీద ముద్రలన్నీ పడిపోయాయట. గుమాస్తా ముద్ర, అధికారి ముద్ర, పెద్ద అధికారి ముద్ర. ఒక్క మేయర్ గారిది మాత్రం కొత్త సంవత్సరం తర్వాత పడాలి. అన్ని ముద్రలు వేసినవాళ్ళు తప్పని ఇప్పుడు ఎవరు చెబుతారు? ఉల్లికాడలు చెబుతాయా?

ఆ శుక్రవారం సంగతంతా మా ఆవిడకు చెప్పాను. చెప్పానంటే, "బస్సు తీసేస్తారట," అన్నాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మా పెళ్ళయ్యాక అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

"పోనీలెండి," అంది చివరికి. "ఎండాకాలంలో నడిచి రండి. ఒకసారి వస్తే చాలు. మాటలన్నీ దాచిపెట్టి ఒకేసారి చెబుతాను."

చూశారా థీముల మహిమ! మా ఆవిడకు మాటలు పొదుపు చేయడం నేర్పాయి. నా వల్ల కాని పని.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. లోకంలో అందరికీ థీమ్ ఉంది, నాకే లేదు. ఇంత వయసొచ్చి థీమ్ లేకుండా బతకడం సిగ్గుచేటు కాదా? ఏదో ఒకటి పట్టుకోవాలి. నాకు తెలిసినదేమిటి? బొగ్గు. బొగ్గును నల్లగా తప్ప తీయలేం. ఇంకేం తెలుసు? లేచి పక్కకు జరగడం తెలుసు. దానికి ఎదురుగా ఏముంటుంది? కుర్చీ.

కానీ కుర్చీలు నుకాగా గారి సొత్తు. క్లబ్బు పద్ధతి పద్ధతే. అందుకని తీపి పెట్టె ఒకటి కొన్నాను. ఎర్రచిక్కుళ్ళ హల్వా, మంచి దుకాణంలోది. ఆయన గుమ్మంలో తల వంచాను.

"కుర్చీలు తీయాలనుకుంటున్నాను. టౌన్ ఆఫీసులో," అన్నాను.

ఆయన చాలాసేపు నా వైపు చూశారు. ఆ సభ తర్వాత మనిషి తగ్గిపోయారు.

"కింద చక్రాలుండే ఆఫీసు కుర్చీలా?"

"చక్రాలవే అనుకుంటాను."

"చక్రాలున్నవి నా థీమ్‌లోకి రావు," అన్నారు. పెట్టె తీసుకున్నారు. లోపలికెళ్ళి కెమెరా తెచ్చి నా మెడలో వేశారు. "నొక్కాల్సింది ఇదొక్కటే. మనుషుల్ని మాత్రం బాగా దూరం జరపండి. నీడ పడుతుంది." గడప దిగాక వెనకనుంచి మళ్ళీ అన్నారు. "సంచీలు చూసుకోండి, కుబోకి గారూ. సంచీలు వదిలేయొద్దు."

మరునాడు పట్టపగలు, ఆఫీసు నిండా మనుషులుండగా వెళ్ళాను. పన్నుల కౌంటరు ముందు నిలబడి తల వంచాను.

"కాస్త..."

కౌంటరులో ఆయన లేచి పక్కకు జరిగాడు. ఎందుకని అడగలేదు! జనన ధ్రువపత్రాల దగ్గర ఇద్దరు లేచారు. నీళ్ళ విభాగం మొత్తం లేచి కిటికీ దగ్గర గుంపుగా నిలబడింది. ఒకాయన ఫోనులో మాట్లాడుతూనే, ఫోను తీగ ఎంత దూరం సాగితే అంత దూరం వెళ్ళాడు. మిజుషినా గారు, "నేను కూడానా?" అన్నారు. "కాస్త," అన్నాను. లేచారు. కోటు కూడా తీసుకెళ్ళమన్నాను.

మేయర్ గారి గది తలుపు తెరిచే ఉంది. కెమెరా చూడగానే ఆయన జేబులోంచి దువ్వెన తీశారు. టై సర్దుకున్నారు.

"కూర్చోనా, నిలబడనా?"

"కాస్త అటు..."

జరిగారు.

"ఇంకాస్త."

ఇంకా జరిగారు. అలా జరిగి జరిగి తలుపు దాటి వసారాలోకి వెళ్ళిపోయారు. నేను తీరిగ్గా కుర్చీ తీశాను. తోలు కుర్చీ. వెనక ఊరి జెండా. మేజా మీద ముద్ర పెట్టె. నా కంటికి చాలా ఒంటరిగా కనిపించింది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. ఏప్రిల్ దాటింది, మేయర్ గారి ముద్ర పడలేదు, బస్సు ఇంకా నడుస్తోంది. ఇది బస్సులో కూర్చునే రాస్తున్నాను, కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే తప్పు కొండదారిది. ఎందుకు నడుస్తోందో చెప్పి దిగిపోతాను.

క్లబ్బు కొత్త సంవత్సరం ఎగ్జిబిషన్‌లో నా ఫోటోలకు ఒక గోడ ఇచ్చారు. నేను సభ్యుణ్ణి కాదు, నుకాగా గారు తన గోడ వదులుకున్నారు. వరసగా తగిలించాం. పన్నుల కుర్చీ, నీళ్ళ కుర్చీలు, ప్రణాళిక కుర్చీ, అన్నిటికంటే పెద్దగా మేయర్ గారి కుర్చీ. పైన ఒకటే పేరు: "ఎవరూ రాని ఆఫీసు." పక్కన చిన్న అక్షరాలతో, "పనిచేసేవాళ్ళు లేని ఈ ఆఫీసును ఏప్రిల్ నుంచి రద్దు చేయాలని ప్రతిపాదిస్తున్నాం" అని.

పట్నం గురువుగారు, "ఇంత శూన్యం ఈ మధ్య చూడలేదు," అని మెచ్చుకున్నారు.

ఏటా రిబ్బను కత్తిరించేది మేయర్ గారే. కత్తిరించారు, చప్పట్లు కొట్టించుకున్నారు, గోడ వెంట నవ్వుతూ నడుచుకుంటూ వచ్చారు. చివరి ఫోటో ముందు ఆగిపోయారు. చదివారు. ఇంకోసారి చదివారు.

"ఏమిటండీ ఇది! ఇది నా కుర్చీ! నేను ఆ రోజు అక్కడే ఉన్నాను! ఆ తలుపు పక్కనే నిలబడి ఉన్నాను! మీరేగా కాస్త జరగమన్నది?"

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. తోమె అవ్వ చేతికర్రతో నా వీపు మీద పొడిచింది.

"అవునండి," అన్నాను. "మేమూ అక్కడే ఉన్నాం."